మూసేసిన సినిమా హాలుకి ముందు జన్మలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట అడిగాం, మీ వీధిలోనో పక్క వీధిలోనో మూతపడిన సినిమా హాలు ఉంటే దాని గురించి రాయండి, సందేహాలుంటే అడగండి అని. వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఒక సంగతి గమనించాను, చాలామంది రాసింది సినిమాల గురించి కాదు, హాలు గురించి. చీకట్లో టార్చిలైటు వేసి సీటు చూపించినాయన గురించి, వానాకాలంలో గోడ మీద కారే చెమ్మ గురించి, లైట్లు ఆరిపోయి తెర మీద వెలుతురు పడే ముందు ఆ రెండు క్షణాల్లో కడుపులో కలిగే గుబులు గురించి. నేను చిన్నప్పుడు ఒక హాలు ఆపరేటర్ గారి దగ్గర రీళ్లు చుట్టిపెడుతూ మూడు నాలుగేళ్లు గడిపినవాణ్ణి, ఆ తర్వాత కూడా పాత హాళ్ల గురించి ఎక్కడ ఏం దొరికినా చదువుతూనే ఉన్నాను, కాబట్టి ఈ నెల జవాబులు కాస్త పెద్దవయ్యాయి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా వీధి చివర సినిమా హాలు మూతపడి చాలా ఏళ్లయింది, ఇప్పుడు కొట్టేస్తారంటున్నారు. మొన్న వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి వెళ్లొచ్చాను. తెర చిరిగి వేలాడుతోంది, దాని వెనక గోడలో ఇంకో పెద్ద కంత లాంటిది ఉంది, దాని చుట్టూ పూల నగిషీ. తెర ముందు నేల మీద చెక్కలు కొట్టి మూసిన గొయ్యి కూడా కనపడింది. మా నానమ్మేమో అది ముందు నాటకాల హాలు అంటుంది, మా బాబాయి కాదు మొదట్నుంచీ సినిమా హాలే అంటాడు. ఎవరి మాట నిజమో ఎలా తెలుస్తుంది సార్?

జవాబు: మీరు లోపలికి వెళ్లి చూసొచ్చారు చూడమ్మా, సగం పని అయిపోయినట్టే. చాలామంది గేటు బయట నిలబడి ఒక ఫోటో తీసుకుని వచ్చేస్తారు, హాలు కథంతా లోపలే ఉంటుంది.

ముందు ఆ కంత సంగతి చూద్దాం. దాన్ని ప్రొసీనియం అంటారు, అంటే స్టేజికి ముఖద్వారం లాంటిది. నాటకాల హాల్లో అది తప్పకుండా ఉంటుంది, కానీ పాతకాలం సినిమా హాళ్లలో కూడా ఉండేది, అందుకే దాన్నొక్కదాన్నే చూసి చెప్పేయలేం. అప్పట్లో సినిమా బొమ్మ ఇంచుమించు చదరంగానే ఉండేది, ఎత్తు ఒకటి అనుకుంటే వెడల్పు 1.37, అది ఆ కంతలో చక్కగా ఇమిడిపోయేది. 1953లో సినిమాస్కోప్ వచ్చింది, బొమ్మ వెడల్పు ఒక్కసారిగా ఎత్తుకి రెండున్నర రెట్లు అయింది, ఇంక పాత కంతలో ఎలా పడుతుంది? అప్పుడు హాళ్ల వాళ్లు కొంతమంది ఆ కంతనే పగలగొట్టి వెడల్పు చేశారు, కొంతమంది దాని జోలికి పోకుండా ముందువైపు కొత్త ఫ్రేము కట్టి పెద్ద తెర బిగించేశారు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ హాల్లో రెండోది జరిగినట్టుంది, అదే జరిగితే ఆ నగిషీ పెద్ద తెరలు రాకముందుది, ఇన్నేళ్లూ తెర వెనకే ఎవరి కంటా పడకుండా దాక్కుని ఉంది.

ఇక ఆ గొయ్యి, అది వాద్యాలవాళ్లు కూర్చునే చోటు. దీన్ని చూసే మీ నానమ్మ నాటకాల హాలు అని ఉంటారు, కానీ 1927 తర్వాత మాటల సినిమాలు ఊపందుకునే దాకా సినిమాకి కూడా ఎవరో ఒకరు పక్కన కూర్చుని సంగీతం వాయించాల్సిందే, కొన్ని హాళ్లలో ఒక్క పియానో, పెద్ద హాళ్లలో పూర్తి ఆర్కెస్ట్రా. సినిమాకీ సినిమాకీ మధ్య పాటలు, డాన్సులు, గారడీలు కూడా పెట్టేవాళ్లు, అందుకని సినిమా కోసమే కట్టిన హాలుకి కూడా స్టేజీ, గొయ్యి రెండూ ఉండొచ్చు. ఇక్కడి దాకా మీ నానమ్మకీ మీ బాబాయికీ సమానమే.

తేల్చేవి వేరే ఉన్నాయి. ఎదురింటి మిద్దె ఎక్కి హాలు పైకప్పు చూడండి, స్టేజీ ఉన్న చోట కప్పు మిగతా కప్పు కన్నా బాగా ఎత్తుగా గోపురం లేచినట్టు ఉందా? అలా ఉంటే అది నాటకం పరదాలు పైకి లాక్కోవడానికి కట్టింది, సినిమా తెర ఒక్కదానికి అంత ఎత్తు ఎవరూ కట్టరు. స్టేజీ వెనక వేషాలు వేసుకునే గదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఒకటో రెండో ఉంటే ఏమీ చెప్పలేం, వరసగా ఆరేడు ఉన్నాయంటే అక్కడ నాటకాల వాళ్లు మకాం పెట్టారన్నమాట. పక్క గోడలకి బాక్సులు, అంటే కొద్దిమంది కూర్చునే చిన్న బాల్కనీల్లాంటివి, ఉన్నాయా చూడండి, ఆ బాక్సుల్లోంచి స్టేజీ మీద మనుషులు బాగానే కనపడతారు కానీ తెర మాత్రం ఏటవాలుగా కనపడుతుంది, సినిమా కోసమే కట్టినవాళ్లు అలాంటి సీట్లు ఎక్కువ పెట్టుకోరు. అన్నిటికన్నా ముఖ్యం ప్రొజెక్టర్ గది. అది బాల్కనీ వెనక గోడలో కలిసిపోయి, మెట్లూ కప్పూ అన్నీ బిల్డింగుతో పాటే కట్టినట్టుంటే మీ బాబాయి గెలిచినట్టు. బాల్కనీలో కొన్ని వరసలు పీకేసి డబ్బా పెట్టినట్టు కట్టి ఉంటే, ఇటుక వేరుగా, సున్నం వేరుగా కనపడుతుంటే, సినిమా ఆ హాలుకి తర్వాత వచ్చిందన్నమాట.

సినిమా పుట్టకముందే పుట్టిన సినిమా హాలు కూడా ఉంది లోకంలో. ఫ్రాన్స్‌లో లా సియోటా అనే ఊళ్లో ఈడెన్ థియేటర్, 1889లో కట్టారు. లూమియేర్ అన్నదమ్ములు పారిస్‌లో ఒక కేఫ్ కింద గదిలో టికెట్ పెట్టి జనానికి సినిమా చూపించింది 1895 డిసెంబర్ 28న, సినిమా పుట్టిన రోజని దాన్నే చెప్పుకుంటారు, అంటే ఆ హాలు అప్పటికే ఆరేళ్లది. మొదట నాటకాలూ పాటలూ ఆడింది, తర్వాత సినిమా హాలయింది, మూతపడింది, మళ్లీ బాగుచేసి 2013లో తెరిచారు. అలాంటి హాలు ముందు నిలబడి ఇది నాటకాలదా సినిమాలదా అంటే ఏం చెప్తాం, రెండూ కదా.

కాగితాల సాక్ష్యం కావాలంటే పాత పేపర్లలో సినిమా ప్రకటనలు చూడండి, లైబ్రరీలో బైండు చేసి ఉంటాయి, హాలు పేరు మొదటిసారి ఏ తేదీన ఏ పేరుతో పడిందో పట్టుకుంటే చాలు. సినిమా హాలుకి నిప్పు భయం ఎక్కువ కాబట్టి చాలా దేశాల్లో లైసెన్సు తప్పనిసరి చేశారు, ఆ లైసెన్సు ఫైల్లో బిల్డింగు ప్లాను కూడా ఉంటుంది, అది దొరికితే ఇంక వాదనే ఉండదు. పేర్లు మారి ఉంటాయని మాత్రం గుర్తుపెట్టుకోండి, ఓనరు మారినప్పుడల్లా పేరు మార్చడం హాళ్లకి మామూలే, ఇప్పటి పేరుతో వెతికి దొరకలేదని ఆపేయకండి.

ప్రశ్న: చిన్నప్పుడు సినిమా చూడకుండా వెనక్కి తిరిగి ఆ చిన్న కిటికీలోంచి వచ్చే వెలుతురునే చూస్తూ కూర్చునేదాన్ని, అందులో దుమ్ము ఎగరడం ఎంత బాగుండేదో. ఆ కిటికీలకి ఇనప రేకులు ఎందుకుండేవి? ఆ గదిలోకి పిల్లల్ని ఎందుకు రానిచ్చేవాళ్లు కాదు?

జవాబు: నిప్పు వల్ల. ఒక్క మాటలో అంతే, కానీ ఆ ఒక్క మాట వెనక చాలా ప్రాణాలు పోయాయి.

మొదటి అర్ధ శతాబ్దం సినిమా రీళ్లు దాదాపు అన్నీ నైట్రేట్ ఫిల్ము మీదే వచ్చేవి. అది అంటుకుందంటే ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోంచే పుట్టుకొస్తుంది, నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. అలాంటి ఫిల్మునేమో ప్రొజెక్టర్లో కార్బన్ ఆర్కు వెలుతురు ముందునుంచి లాగాలి, ఆర్కు అంటే రెండు కార్బన్ కడ్డీల మధ్య కరెంటు దూకుతూ కళ్లు పోయేంత తెల్లటి మంట. ఫిల్ము పరిగెడుతున్నంతసేపూ పర్లేదు, ఎక్కడైనా ఇరుక్కుని ఒక్క క్షణం ఆగిందా, అక్కడికక్కడే అంటుకునేది. 1897లో పారిస్‌లో ఒక దానధర్మాల సంతలో సినిమా చూపిస్తుంటే ప్రొజెక్టర్ దీపం కోసం వాడే ఈథర్ అనే ఇట్టే మండే ద్రవం అంటుకుని 126 మంది చనిపోయారు, సినిమా పుట్టి రెండేళ్లు కూడా కాలేదు అప్పటికి. బ్రిటన్‌లో 1909లో చట్టం తెచ్చి ప్రొజెక్టర్ని జనం మధ్య పెట్టకూడదు, నిప్పుకి తట్టుకునే గది వేరే కట్టాలి అన్నారు. మీరు చూసిన ఇనప రేకులు ఆ జాగ్రత్తలో భాగమే, తొందరగా కరిగే లోహపు ముక్కతో పైకి పట్టి ఉంచేవాళ్లు, లోపల మంట లేస్తే ఆ ముక్క కరిగిపోయి రేకు టక్కున కిందపడి కిటికీ మూసుకుపోతుంది, మంట హాల్లోకి రాదు. లోపల ఉన్న ఆపరేటర్ సంగతి వేరే చెప్పాలా, ఆయన తలుపు దాకా పరిగెత్తాలి. 1950ల మొదట్లో చాలాచోట్ల నైట్రేట్ తయారీ ఆగిపోయి అంత సులువుగా అంటుకోని సేఫ్టీ ఫిల్ము వచ్చేసింది, అయినా రేకులు అలాగే ఉండిపోయాయి, నేను పనిచేసిన గదిలో కూడా ఉండేవి, తుప్పుపట్టి కదిలేవి కావు.

మీ హాల్లో కిటికీలు ఎన్నో లెక్కపెట్టారా ఎప్పుడైనా? సాధారణంగా నాలుగు ఉంటాయి, ఒక్కో ప్రొజెక్టర్‌కి రెండు, ఒకటి వెలుతురు వెళ్లడానికి, రెండోది ఆపరేటర్ తెర చూసుకోవడానికి. మరి రెండు ప్రొజెక్టర్లెందుకంటే రీలు చిన్నది కాబట్టి. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది, రెండు వేల అడుగుల పెద్ద రీలు కూడా 22 నిమిషాల్లో అయిపోతుంది, రెండు గంటల సినిమా అంటే 10,800 అడుగులు, మూడు కిలోమీటర్ల పైమాట. ఒక మెషీన్లో రీలు ఆడుతుండగానే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి, జనానికి తెలియకుండా ఒకదాన్నుంచి ఒకదానికి మారాలి. దానికి గుర్తుగా రీలు చివర్లో బొమ్మ కుడివైపు పై మూలలో చిన్న చుక్క మెరుస్తుంది, అది కనపడగానే రెండో మెషీను మోటారు ఆన్ చేయాలి, ఒక ఏడు సెకన్ల తర్వాత రెండో చుక్క, అప్పుడు మార్చేయాలి.

మా ఆపరేటర్ గారు ఆ చుక్క కోసం ముప్పై ఏళ్లు చూశారు. నన్ను పక్కన నిలబెట్టి, చూడు అబ్బాయ్, ఇప్పుడొస్తుంది అనేవారు, సరిగ్గా అప్పుడే వచ్చేది, ఆయన చెయ్యి అప్పటికే లీవరు మీద ఉండేది. రిటైరయ్యాక ఇంట్లో టీవీలో సినిమా చూస్తున్నా ఆయన కళ్లు మాటిమాటికీ ఆ మూలకే వెళ్లేవని వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆయన దగ్గుతుండేవారు కూడా, కార్బన్ కాలితే పొగ వస్తుంది, దానికని గది కప్పులోంచి గొట్టం పెట్టేవాళ్లు కానీ ఆ గొట్టం ఎంత పొగ లాగుతుందో మాకే తెలుసు. 1950ల తర్వాత కార్బన్ కడ్డీలు అక్కర్లేని జినాన్ బల్బులు మెల్లగా వచ్చి ఆ పొగ బాధ తగ్గింది, కానీ చాలా హాళ్లకి అవి చాలా ఆలస్యంగా చేరాయి. పాత హాలు కప్పు మీద, ప్రొజెక్టర్ గది పైన, తుప్పు పట్టిన పొగగొట్టం కనపడితే అక్కడ కార్బన్ కాల్చి ఉండొచ్చు.

ప్రశ్న: మా హాల్లో అప్పుడప్పుడూ హీరో తల కిందకీ కాళ్లు పైకీ వచ్చేసేవి, మధ్యలో నల్లగీత. జనం గోల గోల. అది మెషీను పాడా, ఆపరేటర్ నిద్రా?

జవాబు: రెండూ కాదు. ఫిల్ములో ఒక్కో బొమ్మకి పక్కన నాలుగు చిల్లులు ఉంటాయి, మెషీను పళ్లు ఆ చిల్లుల్ని పట్టుకుని నాలుగేసి చొప్పున లాగుతాయి. తెగిన చోట అతికించేటప్పుడు ఒక చిల్లు అటూ ఇటూ అయితే అక్కణ్ణుంచి బొమ్మ జరిగిపోతుంది, ఒక మర తిప్పితే సర్దుకుంటుంది. ఎక్కువసార్లు ఆడిన ప్రింటుకి అతుకులు ఎక్కువ కాబట్టి ఎక్కువ జరిగేది. ఆపరేటర్ గారు మెలకువగానే ఉండేవారు, ఆ గోల మా గదిలోకి బాగా వినపడేది.

ప్రశ్న: మా నాన్నగారు చాలా ఏళ్లు ఒక హాలు మేనేజర్‌గా చేశారు. అది మూతపడ్డప్పుడు అందరూ టీవీ వచ్చి చంపేసిందన్నారు, ఆయన మాత్రం టీవీ కాదు అనేవారు, ఏది అని అడిగితే చెప్పేవారు కాదు. ఇప్పుడు ఆయన లేరు. నిజంగా ఏమైంది?

జవాబు: మీ నాన్నగారు చెప్పకపోవడానికి కారణం ఒక్క పేరు చెప్పి ఊరుకోలేకపోవడమే అనుకుంటాను.

టీవీ దెబ్బ చిన్నదేం కాదు. లెక్కలు బాగా రాసిపెట్టుకున్న దేశం బ్రిటన్, అక్కడ 1946లో ఒక్క ఏడాదిలో 160 కోట్లకు పైగా టికెట్లు తెగాయి, 1984కి వచ్చేసరికి దాదాపు 5 కోట్ల 40 లక్షలు. ముప్పై ఎనిమిదేళ్లలో ముప్పై మందిలో ఒక్కడు మిగిలాడు. కానీ ఆ పడిపోవడం టీవీ ఒక్కదానివల్లే కాదు, జనం పాత పేటల్లోంచి ఊరి శివార్లకి వెళ్లిపోయారు, సొంత బళ్లు వచ్చాయి, నడిచివెళ్లే దూరంలో ఉన్న హాలుకి నడిచివచ్చే మనుషులు తగ్గిపోయారు. పేట హాలు బతికేది అదే మనుషులు వారం వారం రావడం మీద, ఏ సినిమా ఆడినా సరే వచ్చేవాళ్లు, ఆ అలవాటు ఒకసారి తప్పిందంటే మళ్లీ రాదు.

తర్వాత మల్టీప్లెక్సులు. వెయ్యి సీట్ల హాలు ఒకే సినిమా వేయాలి, అది ఆడకపోతే వారమంతా ఖాళీ. పది తెరలున్నవాడు ఆడేదాన్ని పెద్ద హాల్లో వేస్తాడు, ఆడనిదాన్ని చిన్నదాంట్లోకి తోస్తాడు, నష్టం సర్దుకుపోతుంది. ఇది తెలివితేటల తేడా కాదు, కట్టడం తేడా, మీ నాన్నగారు ఎంత మంచి మేనేజరైనా ఒక్క తెరని పది చేయలేరు కదా. అయితే మల్టీప్లెక్సు కూడా చిరంజీవి ఏం కాదు, బ్రిటన్‌లో మొట్టమొదటి మల్టీప్లెక్సు మిల్టన్ కీన్స్‌లో పది తెరలతో 1985లో తెరిచారు, 2015లో అదీ మూతపడింది.

ఆఖరి దెబ్బ డిజిటల్. సుమారు 2010కి అటూ ఇటూ కొన్నేళ్లలో ప్రపంచమంతా రీళ్లు పోయి హార్డ్ డిస్కులు వచ్చేశాయి, 2014కల్లా అమెరికాలో ఒక పెద్ద స్టూడియో రీళ్లు పంపడమే మానేసింది. కొత్త ప్రొజెక్టర్ కొనాలంటే చాలా డబ్బు కావాలి, అంతంత మాత్రంగా నడుస్తున్న హాలు ఓనరు ఆ డబ్బు పెట్టే బదులు ఊరి మధ్యలో ఉన్న స్థలం అమ్ముకుంటే ఎంతొస్తుందో లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క వేసుకున్న రోజే చాలా హాళ్లు లోలోపల మూతపడ్డాయి, బయట బోర్డు తర్వాత ఎప్పుడో పెట్టారు. మేనేజర్‌కి ఆ రోజు తెలిసిపోతుంది, రిపేర్లకి డబ్బులడిగితే ఓనరు చూద్దాంలే అంటాడు, మళ్లీ చూద్దాంలే అంటాడు. మీ నాన్నగారు ఆ చూద్దాంలే ఎన్నిసార్లు విని ఉంటారో.

ప్రశ్న: నేను పెరిగిన హాలు ఇప్పుడు గోడౌన్ అయిపోయింది. తెర ఉన్న చోట బస్తాలు. దీనికన్నా కొట్టేస్తేనే నయం కదా అనిపిస్తుంది, చూడలేకపోతున్నా.

జవాబు: ఆ బాధ నాకు తెలుసు, నా హాలు కూడా కొన్నాళ్లు అలాగే ఉంది. కానీ కొట్టేస్తేనే నయం అనే మాటకి మాత్రం నేను ఒప్పుకోను.

అమెరికాలో డెట్రాయిట్ అనే ఊళ్లో మిషిగన్ థియేటర్ అని ఒకటుంది, 1926లో కట్టారు, నాలుగు వేల సీట్ల మహల్ లాంటి హాలు. 1976లో మూతపడింది, పక్కనే అతుక్కుని ఉన్న ఆఫీసు బిల్డింగుకి పార్కింగ్ కావలసి వచ్చింది, హాలు కొట్టేస్తే ఆ బిల్డింగు కూడా దెబ్బతింటుందని తేలడంతో లోపల మూడంతస్తుల కార్ల పార్కింగ్ కట్టేశారు. ఇప్పుడు అక్కడ కారు ఆపి తల ఎత్తితే విరిగిన నగిషీలు, చిరిగిన తెర గుడ్డ, బాల్కనీ ముక్క అన్నీ పైన కనపడతాయి. ఇంకో సంగతి వినండి, హెన్రీ ఫోర్డ్ 1896లో తన మొట్టమొదటి బండి తయారుచేసిన షెడ్డు ఉన్నది ఆ స్థలంలోనే. కారు పుట్టిన చోట సినిమా హాలు లేచింది, ఆ హాల్లోకి మళ్లీ కార్లే వచ్చి చేరాయి. ఒక్క స్థలానికి ఎన్ని జన్మలో చూడండి.

అదే అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్‌లో గ్రాండ్ స్ప్లెండిడ్ అనే హాలు 1919లో నాటకాల హాలుగా మొదలై, అందులోంచే రేడియో ప్రసారాలు కూడా జరిగి, 1929లో సినిమా హాలయి, 2000లో పుస్తకాల షాపు అయింది. బాల్కనీలు అలాగే ఉన్నాయి, వాటినిండా పుస్తకాల అరలు, పక్క బాక్సుల్లో కూర్చుని జనం చదువుకుంటారు, స్టేజీ మీద కాఫీ తాగుతారు, ఎర్ర పరదా కూడా తీసేయలేదు. న్యూయార్క్‌లో 1930లో కట్టిన ఒక పెద్ద సినిమా మహల్‌ని 1969లో ఒక చర్చివాళ్లు కొన్నారు, ఆ నగిషీలన్నీ ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ చర్చి చేతిలో పడటం వల్లే. అదే ఊళ్లో బ్రూక్లిన్ కింగ్స్ థియేటర్ 1977లో మూతపడి ముప్పై ఏడేళ్ల పైన చీకట్లో ఉండి 2015లో మళ్లీ తెరుచుకుంది. కప్పు కారి, గోడలు రాలిపోయి ఉన్న హాలది, అయినా గోడలు నిలబడి ఉన్నాయి కాబట్టి బాగుచేయగలిగారు.

నేను చెప్పేది అదే, బస్తాలు తీసేయొచ్చు. బస్తాలు ఉన్నాయంటే కప్పు ఉంది, కప్పు కింద ఏటవాలు నేల ఉంది, వానొస్తే చూసుకునేవాడు ఒకడున్నాడు. ఖాళీగా వదిలేసిన హాలే అన్నిటికన్నా త్వరగా పాడవుతుంది. ఇంకొక మాట, సినిమా హాళ్లు చాలావరకు మొదలైంది షాపుల్లోనే. అమెరికాలో 1905లో పిట్స్‌బర్గ్‌లో ఒక షాపు గదిలో 96 కుర్చీలు వేసి పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమాలు చూపించారు, అది చూసి కొన్నేళ్లలోనే దేశమంతా షాపుల్ని ఖాళీ చేసి సినిమా హాళ్లు పెట్టేశారు. కాబట్టి హాలు మళ్లీ షాపో గోడౌనో అయితే అవమానం అనుకోకండి, వీలైతే ఓనరుతో మాట్లాడండి, తెర వెనక గోడ ఒక్కటీ సున్నం వేయకుండా ఉంచమని అడగండి.

ప్రశ్న: హాలు మూసేశాక ఆ రీళ్లన్నీ ఏమయ్యేవి?

జవాబు: రీళ్లు హాలువి కావు, డిస్ట్రిబ్యూటర్‌వి. ఇక్కడ ఆడాక ఇంకో ఊరికి, అక్కణ్ణుంచి ఇంకో చిన్న ఊరికి, బాగా అరిగిపోయాక నాశనం చేసేసేవాళ్లు, ఫిల్ములో ఉన్న వెండి తీసుకునేవాళ్లు కూడా. అందుకే పాత సినిమాల్లో చాలావాటికి ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. కానీ ఒక ఊరి కథ చెప్పాలి మీకు. కెనడా ఉత్తర భాగంలో డాసన్ సిటీ, ఫిల్ము ప్రయాణంలో ఆఖరి స్టేషన్ లాంటిది, అక్కడి దాకా వెళ్లిన రీళ్లని వెనక్కి తెప్పించుకోవడం ఖర్చు దండగ అని డిస్ట్రిబ్యూటర్లు వదిలేసేవాళ్లు. పేరుకుపోయిన రీళ్లని 1929లో ఒక పాత స్విమ్మింగ్ పూల్ పూడ్చడానికి మట్టితో పాటు వేసేశారు. 1978లో అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి, ఐదొందలకి పైగా రీళ్లు, ఆ నేల ఎప్పుడూ గడ్డకట్టి ఉండటం వల్ల చాలావరకు చూడగలిగే స్థితిలో ఉన్నాయి, అందులో కొన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. మీ హాలు పాత సామాను గదిలో డబ్బాలు కనపడితే పారేయకండి, పాతవైతే ఇంటికీ తీసుకెళ్లకండి, నైట్రేట్ కావచ్చు, పాత సినిమాలు భద్రపరిచే ఫిల్ము ఆర్కైవ్‌కి చెప్పండి.

ప్రశ్న: మా నాన్నకీ మా అత్తయ్యకీ హాలు గురించి గొడవ. పరదా ఆకుపచ్చ అని నాన్న, ఎరుపు అని అత్తయ్య. హాలు ఇప్పుడు లేదు, లోపలి ఫోటో ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు. ఇంక దాన్ని ఎలా దాచుకోవాలి?

జవాబు: లోపలి ఫోటోలు దాదాపు ఎవరి దగ్గరా ఉండవు, చీకట్లో ఫోటో ఎవరు తీస్తారు చెప్పండి. హిరోషి సుగిమోటో అనే జపాన్ ఫోటోగ్రాఫర్ ఒకాయన 1970లలో ఒక పని చేశారు, హాల్లో కెమెరా పెట్టి సినిమా మొదలైనప్పుడు షట్టర్ తెరిచి సినిమా అయిపోయాక మూశారు. రెండు గంటల సినిమా మొత్తం ఒక్క ఫోటోలోకి వచ్చేసరికి తెర ఉత్త తెల్లటి వెలుతురైపోయింది, కథ లేదు, హీరో లేడు, కానీ ఆ వెలుతురు పడి సీట్లూ గోడలూ కప్పూ నగిషీలూ అన్నీ కనపడుతున్నాయి. మీరు మీ నాన్నతో అత్తయ్యతో చేయాల్సింది కూడా అలాంటిదే. సినిమా ఏది, హీరో ఎవరు అని అడగకండి, దాని దగ్గరే ఆగిపోతారు. ఎక్కడ కూర్చున్నారు, ఏ పక్కన తలుపు, ఫ్యాను ఎక్కడ, వెలుతురు ఏ భుజం మీదుగా వెళ్లేది, బయటికొచ్చేటప్పుడు మెట్లు ఎన్ని, ఇవి అడగండి. ఒకరి ముందు ఒకర్ని కాకుండా విడివిడిగా కూర్చోబెట్టి ఇద్దరిచేతా కాగితం మీద హాలు గీయించండి, ఎంత వంకరగా గీసినా పర్లేదు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

పరదా విషయంలో ఇద్దరూ నిజమే చెప్తున్నారనుకుంటున్నా. పరదాలు కొన్నేళ్లకి చివికిపోతాయి, మారుస్తారు, రంగు మారుతుంది. నాన్న ఏ వయసులో వెళ్లారు, అత్తయ్య పెళ్లయి వెళ్లిపోయింది ఎప్పుడు, అది కనుక్కుంటే పరదా ఎప్పుడు మారిందో మీకే దొరుకుతుంది, హాలు చరిత్రలో ఒక తేదీ దొరికినట్టే. దాన్ని కాగితం వెనక రాసిపెట్టండి, చెప్పింది ఎవరో, రాసింది ఏ రోజో కూడా.

మొదటి ఉత్తరం రాసిన అమ్మాయికి ఒక మాట మిగిలిపోయింది. కొట్టేసే లోపు ఇంకోసారి వెళ్లండి, నానమ్మని, బాబాయిని ఇద్దర్నీ తీసుకెళ్లండి, పగలే వెళ్లండి, మంచి టార్చిలైటు, కొలిచే టేపు పట్టుకెళ్లండి. ఆ గొయ్యి మీద చెక్కలు మాత్రం పుచ్చిపోయి ఉంటాయి, నానమ్మని వాటి మీద అడుగు పెట్టనివ్వకండి.